ఆవిడేమీ అనదు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఈ సామెత పుట్టించినవాడెవరో గాని పరాయి దేశంలో మనవాడి చేతికింద పనిచేసి ఉండడు. చేసి ఉంటే, మనవాడు గరిటె పట్టుకొస్తున్నప్పుడు ముందు మీ విస్తరి గట్టిగా పట్టుకోండని చెప్పి పోయేవాడు.

మేం పనిచేసిన బడికి మేనేజరు మనవాడు. మా ఇంట్లో అతన్ని అలాగే అనేవాళ్ళం. మేం విమానం దిగిన రోజు తనే కారేసుకుని వచ్చాడు. నన్ను చూడగానే ‘అక్కయ్యా’ అన్నాడు, మా ఆయన్ని ‘బావగారూ’ అన్నాడు, వెనకాల సంచి పట్టుకు నిలబడ్డ మా అత్తగారిని ‘పెద్దమ్మా’ అన్నాడు. కారెక్కాక అత్తయ్య నా చెవిలో, “మావాడు వీడికి బావైతే నేను అత్తనవ్వాలి గదా, పెద్దమ్మనెలా అయ్యాను? వావీవరసా తెలీనివాడితో జాగ్రత్తమ్మాయ్,” అంది. నేను నవ్వేశాను. అంత దూరంలో ఒక మనిషి నోరారా అక్కయ్యా అని పిలిస్తే కరగని వాళ్ళెవరు? నేనూ కరిగాను. ఆ కరగడమే నా కొంప ముంచింది.

నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని, మా ఆయన లెక్కలు. బడి వెనక క్వార్టర్సులో ఒక పడగ్గది, ఒక వంటిల్లు, మధ్యలో చాప పరిస్తే నిండిపోయే హాలు మాకిచ్చారు. అత్తయ్య ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఇప్పటికీ ఫోనెత్తితే గొంతు సవరించుకుని, నడుం నిటారుగా పెట్టుకుని మాట్లాడుతుంది. నాకూ ఆవిడకీ పొత్తు కుదరడానికి అదొక కారణం. ఇద్దరం గొంతు మీద బతికినవాళ్ళమే.

ఆ ఏడు ఎండలతో పాటు ఊళ్ళోకి జ్వరాలు దిగాయి. క్లాసులో సగం బెంచీలు ఖాళీ, పరీక్షలేమో దగ్గర పడుతున్నాయి. ఒక సాయంత్రం మనవాడు మా హాల్లో చాప మీద మఠం వేసుకు కూర్చుని, కాఫీ ఊదుకుంటూ అసలు సంగతి కదిపాడు.

“పాపం పిల్లలు పాఠాలు పోగొట్టుకుంటున్నారక్కయ్యా. మీ గొంతుతో పుస్తకమంతా రికార్డు చేసిచ్చారంటే ఇంట్లో పడుకునే వినుకుంటారు. మీకు పుణ్యముంటుంది.”

పుణ్యమనేసరికి నేను వెళ్ళి బీరువాలో కూర్చున్నాను. మాటవరసకు కాదు, నిజంగానే. ఆ ఇంట్లో గొంతు మోగకుండా ఉండే చోటు అదొక్కటే. కింది అర తీసేసి, వేలాడే చీరల మధ్య ముడుచుకు కూర్చుని, తలుపు ఓరగా వేసుకుని, ఫోను గడ్డానికి ఆనించుకుని పాఠం చెప్పేదాన్ని. ఫ్యాను చప్పుడు పడుతుందని పడగ్గదిలో ఫ్యాను ఆపించేదాన్ని. మంచం మీద పరీక్ష పేపర్లు దిద్దుకునే మా ఆయన చెమటలు కక్కుతూ, “ఇంకెంతసేపు మహాతల్లీ?” అని మూలిగేవారు.

ఒక వాక్యం చెప్పాలి, ఆగాలి. ఆ ఆగిన జాగాలో పిల్లవాడు తిరిగి చెబుతాడు. తర్వాత ‘వెరీ గుడ్’ అనాలి. మళ్ళీ వాక్యం. నా ఎదురుగా పట్టుచీర అంచు తప్ప ఏమీ కనబడదు. అయినా నేను మాత్రం కళ్ళు మూసుకుని, దుప్పటి కప్పుకుని నీరసంగా పడుకున్న ఒక పిల్లనో పిల్లవాణ్ణో ఊహించుకునేదాన్ని. అందుకే మధ్యమధ్యలో, “సిటప్, డియర్. డ్రింక్ సమ్ వాటర్,” అనేదాన్ని. జ్వరమొచ్చిన పిల్లలకి నోరెండిపోతుంది గదా. ఒకసారి వంటింట్లోంచి అత్తయ్య, “అమ్మాయ్, కుక్కరు కట్టెయ్యనా?” అని కేకేసింది. “ఉండండత్తయ్యా!” అని నేనూ కేకేశాను. అది కూడా పడిపోయింది. ఆ పాఠం మళ్ళీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక అలాగే పంపించేసి, మర్నాడు మనవాడితో చెప్పాను. “అక్కడక్కడా ఇంటి మాటలు పడ్డాయి, విని తీయించెయ్యండి.”

“అన్నీ విన్నానక్కయ్యా. అద్భుతం. మీ గొంతులో అమ్మతనం ఉంది,” అన్నాడు.

పుస్తకం సగానికి వచ్చేసరికి బడి నీళ్ళ ట్యాంకు పగిలింది. మరమ్మతని ఒకరోజు సెలవిచ్చారు. మా ఆయనకి ప్రశ్నపత్రాల పని ఉంది. నేను మాత్రం సముద్రం చూసొస్తానన్నాను. ఆ దేశానికి వచ్చిన దగ్గర్నుంచీ బస్సు స్టాండులో ఆ రేవు ఊరి బోర్డు చదువుతూనే ఉన్నాను గాని ఎప్పుడూ ఎక్కలేదు.

“ఒక్కదానివేనా?” అన్నారు మా ఆయన.

“ఒక్కదాన్నే.”

“ఎందుకూ?”

ఒక మగవాడు అలా ఊరికే వెళ్ళొస్తానంటే ఎవరూ ఎందుకని అడగరు. ఆడది వెళ్తానంటే మొక్కు ఉండాలి, చుట్టం ఉండాలి, లేకపోతే డాక్టరుండాలి. నేను చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఏదో అనబోయేలోగా అత్తయ్యే నా చేతికి అన్నం డబ్బా అందించింది. “సముద్రం ఉందో ఇంకిపోయిందో చూసొస్తుందిలేరా, వెళ్ళనీ,” అంది.

ఆ ప్రయాణం ఎంత బావుందో చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగిన దానికి అన్యాయం చేసినట్టవుతుంది. కిటికీ పక్క సీటు నాదే. ఎవరి బ్యాగూ నా ఒళ్ళో లేదు. ఎవరి నిద్రా నా భుజం మీద లేదు. ఉప్పుగాలి మొహానికి తగిలినప్పుడు, ‘చూశావా ఉప్పుగాలి’ అని నాకు చెప్పేవాళ్ళు లేకపోవడం ఎంత సుఖమో! రేవు గట్టు మీద కూర్చుని అన్నం తిన్నాను. పడవల మీద జనం తాళ్ళు చుడుతున్నారు, తిట్టుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. వాళ్ళ భాష నాకు బజారుకి సరిపడా వచ్చు. అంతకు మించి రాకపోవడం కూడా ఆ రోజు సుఖంగానే ఉంది. రోజంతా నోరు పడిపోయేలా మాట్లాడేదాన్ని, ఆ పూట పొద్దుటినుంచీ టికెట్టు అడగడానికి తప్ప నోరు విప్పలేదు.

తిరుగు బస్సుకి ఇంకా టైముందని రేవు వెనక వీధిలోకి నడిచాను. తాళ్ళ దుకాణాలు, వలల దుకాణాలు, ఒక టైర్ల కొట్టు. ఎండకి వీధి కునుకుతోంది. టైర్ల కొట్టు మేడ మీంచి ఉన్నట్టుండి పిల్లల గొంతులన్నీ ఒక్కసారి కలిసి అరిచాయి.

“ఉండండత్తయ్యా!”

నేను నడివీధిలో నిలబడిపోయాను. చెవుల్ని నమ్మలేదు. అంత దూరంలో, ఆ సముద్రం ఒడ్డున, తెలుగు పిల్లలు! అంతమంది! ఎవరి పిల్లలో, ఎప్పుడొచ్చారో, మనవాళ్ళిక్కడ ఇంతమంది ఉన్నారని మాకెవరూ చెప్పనే లేదే అనుకుంటూ, కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఆ ఇనప మెట్లు గబగబా ఎక్కేశాను. ఆ మెట్లెక్కుతున్నంతసేపూ ఉన్న సంతోషాన్ని తలచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది, కోపంతో.

తలుపు తీసే ఉంది. లోపల బెంచీల నిండా ఆ ఊరి పిల్లలు. మా బడి యూనిఫారాలు, మా బడి బొమ్మ చొక్కా జేబుల మీద. ముందు బల్ల మీద నల్లటి స్పీకరు పెట్టె. దాని వెనక గోడకి నిలువెత్తు ఫొటో. పసుప్పచ్చ జుట్టు, నీలికళ్ళు, ముత్యాల పలువరుస. ఫొటో కింద పెద్ద అక్షరాలతో ‘మీ ఇంగ్లీషు టీచరు’ అని రాసుంది. పెట్టెలోంచి వస్తున్న గొంతు మాత్రం నాది.

ఒక వాక్యం చెప్పాను, అంటే పెట్టెలో చెప్పాను. పిల్లలు తిరిగి చెప్పారు. తలా ఒక రకంగా చెప్పారు. వెనక బెంచీ వాళ్ళు సగం మింగేశారు, ముందు బెంచీ వాళ్ళు లేనిది కలిపారు. నా చెయ్యి తనంతట తనే లేచింది, ఆగండని సైగ చెయ్యడానికి. ఈలోగా పెట్టె ఎంతో ముద్దుగా, “వెరీ గుడ్!” అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చెప్పినవాణ్ణి వెరీ గుడ్ అనే మనిషినా నేను? నా క్లాసులో ఒక్క మాట కోసం పీరియడంతా నిలబెట్టిన రోజులున్నాయి. పిల్లలు నన్ను వెనకాల రాక్షసి అంటారని నాకు తెలుసు. ఆ రాక్షసి చేత, చెప్పిన ప్రతి తప్పుకీ, ముద్దు చేస్తున్నట్టు వెరీ గుడ్ అనిపిస్తున్నారు.

“సిటప్, డియర్. డ్రింక్ సమ్ వాటర్,” అంది నా గొంతు.

పిల్లలందరూ నిటారుగా కూర్చున్నారు. బెంచీల కిందనుంచి సీసాలు తీసి, మూతలు తిప్పి, బుద్ధిగా నీళ్ళు తాగారు. రోజూ తాగుతున్నట్టున్నారు. మళ్ళీ మూతలు పెట్టి, పెట్టె వైపు చూశారు. జ్వరం లేదు, నీరసం లేదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. ఎందుకు తాగుతున్నారో వాళ్ళకి తెలీదు, చెప్పేవాళ్ళూ లేరు. అడగాలంటే పెట్టెనడగాలి.

“ఆపండి,” అన్నాను, వాళ్ళ భాషలో.

మూల స్టూలు మీద బటన్ కుట్టుకుంటున్న ఆయా లేచి వచ్చింది. వేలు పెదవుల మీద పెట్టి, పెట్టె వైపు చూపించింది. “ష్! టీచరు మాట్లాడుతోంది. మీరు మాట్లాడకూడదు.”

ఏం చెప్పను? అది నేనేనని చెప్పడానికి ఆ బజారు భాషలో నాకు మాటలు చాల్లేదు. ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకత్తె పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత గోడ మీది ఫొటో చూసి, నిశ్చింతగా తల తిప్పుకుంది.

మెట్ల దగ్గరికి ఆయా నా వెనకే వచ్చింది. మంచి మనిషే. ముందు ఇక్కడొక టీచరమ్మ ఉండేదనీ, నడిచొచ్చేదనీ, పెట్టె వచ్చాక ఆవిణ్ణి రావద్దన్నారనీ చెప్పింది. “ఇప్పుడు నయం. పెట్టెకి జ్వరం రాదు,” అంది.

నేనొచ్చేసరికి మా ఆయన హాల్లో పేపర్ల మధ్య ఉన్నారు. అత్తయ్య కూర తరుగుతోంది. చెప్పులైనా విప్పకుండా మొత్తం చెప్పాను. ఫొటో చెప్పాను, వెరీ గుడ్ చెప్పాను, నీళ్ళు చెప్పాను. పని పోయిన టీచరమ్మ సంగతీ చెప్పాను. నా నోటితో ఇంకో ఆడమనిషి నోటి దగ్గర కూడు తీయించాడు, అక్కయ్యా అంటూనే.

మా ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

“టీచర్ని తీసేశారని నాకు తెలీదు,” అన్నారు.

“మరి తెలిసిందేమిటి?”

“ఆ మధ్య స్టాఫ్ రూములో అడిగాడు. పాఠాలు బ్రాంచీల్లో కూడా వేసుకుంటాం బావగారూ, అక్కయ్యేమైనా అంటుందా అని.”

“మీరేమన్నారు?”

“ఆవిడేమీ అనదులెండి అన్నాను.”

కత్తిపీట మీద అత్తయ్య చెయ్యి ఆగింది. రోజుకి ఆరు పీరియడ్లు అరిచి, ఇంటికొచ్చి బీరువాలో కూర్చుని మళ్ళీ మాట్లాడి, గొంతు బొంగురుపోయి మిరియాల కషాయం తాగే మనిషిని. ఆ మనిషి ఏమీ అనదట. అనదని ఇంకొకరు హామీ ఇచ్చారట.

“ఏమీ అననని మీకెవరు చెప్పారండీ?”

“ఎప్పుడైనా అన్నావా?” అన్నారాయన. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, “ఇల్లు వాళ్ళది, వీసా వాళ్ళ చేతిలో ఉంది. రేపు వాడికి కోపమొస్తే ముగ్గురం ఎక్కడికి పోతాం? అదొక్కటే ఆలోచించాను,” అన్నారు.

“నన్నడిగుంటే నేనూ ఆలోచించేదాన్నిగా.”

అత్తయ్య కత్తిపీట పక్కకి జరిపింది.

“ఒరేయ్, ఎక్స్ఛేంజిలో నన్ను రోజూ ఎంతమంది తిట్టేవాళ్ళో నీకు తెలీదు. లైను కలవలేదని, కలిసింది తెగిపోయిందని, అమ్మనీ ఆలినీ తిట్టేవాళ్ళు. కానీ అవతల ఒక మనిషుందని తెలిసే తిట్టేవాళ్ళురా. దీని గొంతుకి ఆ మాత్రం మర్యాదైనా లేకుండా పోయిందే.” నా వైపు తిరిగింది. “ఇంకోటి చెప్తా విను. మిషన్లొచ్చిన రోజు మాకు పూలదండలేసి ఇంటికి పంపారు. సగం పుస్తకం మిగిలుంది కాబట్టి నీకింకా దండ పడలేదు.”

అప్పటిదాకా నాకది తోచనే లేదు. మిగిలిన సగమూ చెప్పేస్తే మా బడికి మాత్రం నాతో పనేముంది? ఆ టీచరమ్మని తీసేసిన నా గొంతే నన్నూ తీసేస్తుంది.

ఆ వారమంతా నేను బీరువా తలుపు తెరవలేదు. ఉతికిన చీరలు కూడా మంచం మీదే పడి ఉన్నాయి. మా ఆయనతో ఉప్పుకీ పప్పుకీ తప్ప మాట్లాడలేదు. ఆదివారం పొద్దున్న మనవాడే పళ్ళబుట్ట పట్టుకుని వచ్చాడు.

“ఏమక్కయ్యా, పాఠాలు ఆగిపోయాయి! ఒంట్లో బావుండలేదా?”

“నేను రేవు ఊరు వెళ్ళొచ్చాను,” అన్నాను.

మొహంలో ఒక్క గీత మారలేదు. “అయ్యో, చెప్పి వెళ్తే కారు పంపేవాణ్ణి గదా! బస్సులో ఎందుకు అవస్థ?”

“గోడ మీద ఎవరిదో ఫొటో ఉంది.”

“అదా! తల్లిదండ్రులకి అలాంటి మొహం కావాలక్కయ్యా. ఏం చేస్తాం, లోకం తీరు. గొంతు మాత్రం మీదే కదా, నాకది గర్వం.”

“నన్నడిగారా?”

“ఇంటి మనిషిని అడిగేదేముంటుందక్కయ్యా? పరాయివాళ్ళనైతే అడుగుతాం. అయినా బావగారితో ఒక మాట అన్నానే. ఏం బావగారూ?”

మా ఆయన చాప అంచు పోగు లాగుతున్నారు. ఈ మనిషి ఇప్పుడేమంటారో నాకు తెలుసు. నవ్వుతారు, సర్దేస్తారు, పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ లేదనలేదాయన. పోగు తెంపి పక్కన పెట్టి, పళ్ళబుట్ట వైపు చూస్తూ, “అడిగేదేదో ఆవిడ్నే అడగండి,” అన్నారు.

అంతే అన్నారు. మనవాడి నవ్వు మాత్రం మొదటిసారి సడలింది. వెంటనే మళ్ళీ బిగించుకుని, వచ్చేనెల వీసా కాగితాల పని ఉందనీ, మా విషయం పైవాళ్ళ దగ్గర తనే చూసుకుంటున్నాడనీ, మేం తన వాళ్ళం కాబట్టే అంత శ్రద్ధ అనీ చెప్పుకొచ్చాడు. తేనె పూసిన కత్తి అంటారే, అది చాప మీద మఠం వేసుకు కూర్చుంది.

“ఒక్క పాఠం ఇస్తాను,” అన్నాను. “అది పిల్లలు విన్నాక మిగతాది మాట్లాడుకుందాం.”

“అదీ మా అక్కయ్యంటే! రేపే అన్ని బ్రాంచీల్లో వేయించేస్తాను.”

“మీరు ముందు వింటారుగా?”

“ప్రతి పాఠమూ పొల్లు పోకుండా వింటాను.”

అప్పుడు అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి, “అయితే బాబూ, అందులో నేనెక్కడ మాట్లాడానో చెప్పు చూద్దాం,” అంది.

మనవాడు పకపకా నవ్వాడు. “ఇంగ్లీషు పాఠంలో మీరెందుకు మాట్లాడతారు పెద్దమ్మా!”

అత్తయ్యా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఒక్క పాఠం కూడా వినలేదు. అమ్మతనం ఉందట గొంతులో!

అతను వెళ్ళాక బీరువా తలుపు తీశాను. ఏం చెప్పబోతున్నానో ఇంట్లో ఇద్దరికీ చెప్పాను. చెప్పాక ఇల్లు ఉండకపోవచ్చనీ చెప్పాను. మా ఆయన లేచి, నేనడక్కుండానే వెళ్ళి ఫ్యాను కట్టేసి వచ్చి మంచం మీద కూర్చున్నారు. నేను చీరల మధ్యకి దూరాను.

ఈసారి జ్వరం పిల్లల్ని ఊహించుకోలేదు. ఆ బెంచీల్నీ, ఆ సీసాల్నీ, రెండు జడల పిల్లనీ కళ్ళముందు పెట్టుకున్నాను. పిల్లలూ, ఇది ఒట్టి పెట్టె అన్నాను. దీనికి మీ మాట వినబడదు, మీరేం చెప్పినా వెరీ గుడ్ అంటుంది, గోడ మీదావిడకి మీరెవరో తెలీదు. నా తర్వాత చెప్పండి. “వేర్ ఈజ్ అవర్ టీచర్?” ఆగాను. అదే మాట వాళ్ళ భాషలో, నాకొచ్చిన బజారు భాషలో, ‘మా టీచరెక్కడ?’ అని చెప్పాను. ఆగాను. ఎక్కడా వెరీ గుడ్ అనలేదు. ఇంకా గట్టిగా అన్నాను. ఇంకా గట్టిగా. కిటికీల్లోంచి వీధిలోకి వినబడాలి అన్నాను.

చివర్లో వంటింట్లోంచి కావాలనే కేక వచ్చింది. “అమ్మాయ్, కుక్కరు కట్టెయ్యనా?”

“కట్టెయ్యండత్తయ్యా!” అన్నాను.

తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ నెల తిరక్కుండానే మా చేత క్వార్టర్సు ఖాళీ చేయించారు. మనవాడు మమ్మల్ని విశ్వాసం లేనివాళ్ళన్నాడట, తిన్నింటి వాసాలు లెక్కపెట్టామన్నాడట. మేం తిన్నది మా జీతమే. ఒక రెండు గదుల వాటాలోకి మారి, వేరే బళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, వీసా గడువు మీదికొచ్చాక గాని మా ఆయనకి ఉద్యోగం దొరకలేదు. ఆ రోజుల్లో ఒక్కసారైనా ఆయన నన్ను ‘చూశావా’ అనలేదు. ఇప్పుడు ఎవరైనా నా సంగతి ఆయన్నడిగితే, “ఉండండి, పిలుస్తాను,” అంటారు.

కానీ నేను చెప్పవలసింది ఆ సోమవారం గురించి. పొద్దున్నే సెలవు చీటీ రాసి పడేసి, చెప్పులేసుకున్నాను. మా ఆయన నీళ్ళ సీసా నింపి తెచ్చారు.

“నేనూ రానా?”

“వద్దు. ఒక్కదాన్నే వెళ్తాను.”

ఎందుకని అడగలేదు.

టైర్ల కొట్టు ఎదురుగా, వలల దుకాణం నీడలో నిలబడ్డాను. కాసేపు మేడ మీద సద్దు లేదు. తర్వాత మొదలైంది. మొదటిసారి పిల్లలు అలవాటుగా, నిద్రమొహాలతో అన్నారు. వేర్ ఈజ్ అవర్ టీచర్. రెండోసారి వాళ్ళ భాషలో అనేసరికి, నోట్లో ఉన్న మాటేమిటో వాళ్ళకే తెలిసినట్టుంది, ఒక్క క్షణం తడబడి, గట్టిగా అన్నారు. మూడోసారి అరిచారు. వలల దుకాణంలో ఆవిడ సూది చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. టైర్లవాడు తల పైకెత్తాడు. ఎవరో ఒకాయన, “మా పిల్ల గొంతు అది! టీచరు లేకపోవడమేమిటి?” అంటూ రోడ్డు దాటాడు. మేడ మీద ఆయా పరుగెత్తిన చప్పుడు వినబడింది. పెట్టెలో నా గొంతు టక్కున ఆగిపోయింది.

పిల్లలు ఆగలేదు. ఆపమని చెప్పవలసిన టీచరు అక్కడ లేదుగా.

నేను మెట్లెక్కాను. ఈసారి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తలేదు. నా వెనక ఇంకెవరివో అడుగులు ఇనప మెట్ల మీద మోగుతున్నాయి. తలుపు దగ్గర ఆయా తీసేసిన వైరు చేత్తో పట్టుకుని నిలబడింది. నన్ను గుర్తుపట్టింది గాని వేలు పెదవుల మీద పెట్టుకోలేదు. పక్కకి జరిగింది.

నేను పెట్టె ముందుకెళ్ళి, “గుడ్ మార్నింగ్,” అన్నాను.

అరుపులు ఆగిపోయాయి. రెండు జడల పిల్ల పెట్టె వైపు చూసింది. వైరు చూసింది. ఫొటో వైపు చూడలేదు. లేచి నిలబడి, నా మొహంలోకి సూటిగా చూస్తూ, అంతసేపూ అరిచిన ప్రశ్న నన్నే అడిగింది. కంగారులో సగం మాట మింగేసి అడిగింది.

“తప్పు,” అన్నాను. “మళ్ళీ చెప్పు.”